ట్యాంకు మీద పెట్టిన ఒట్టు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లని చూస్తే ఒకప్పుడు నాకు జాలి వేసేది. నాది కొబ్బరి వ్యాపారం. అంబాజీపేట మార్కెట్లో సరుకు దింపి, జనం తిరగని వేళల్లో తోటల మధ్య దారిలో ఒంటరిగా ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. గాలికి కొబ్బరాకు చేసే చప్పుడు తప్ప మరొకటి విన్న పాపాన పోలేదు. అందుకే ఇప్పుడు చెప్పబోయేదాన్ని నేను దెయ్యం అనను. మరి ఏమనాలో కూడా నాకు తెలియదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇందులో నా పరువు తీసే సంగతులున్నాయి. అవి దాచిపెడితే మిగతాది ఎవరికీ అర్థం కాదు.

ముందు నా మోటారుసైకిలు గురించి చెప్పాలి. మూడొందల యాభై సీసీ, ఒకే సిలిండరు. చూడటానికి మా తాతల కాలం నాటి బండిలా ఉంటుంది. గుండ్రటి హెడ్‌లైటు, నీటిబొట్టు ఆకారంలో ముదురు ఎరుపు ట్యాంకు, వెడల్పాటి సీటు, వెనక కూర్చున్నవాళ్లు ఆనుకోవడానికి దిండు. లోపలంతా కొత్త సరంజామా. సెల్ఫ్ స్టార్టు, రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులు, స్టాండు తీయకుండా గేరు వేస్తే ఇంజిను ఆపేసే స్విచ్చు.

వేగం దాని గుణం కాదు. నూరు దాటించాలంటే బతిమాలాలి. కానీ అయిదో గేరులో ట్రాక్టరు వెనక వెళ్తున్నా కొట్టుకోదు, నిదానంగా లాగుతుంది. మంచి బరువు కాబట్టి గోదావరి వంతెనల మీద పక్కగాలి కొట్టినా తొణకదు. సత్యవతిని ఎక్కించుకుని, రెండు పక్కలా సంచులు తగిలించి మారేడుమిల్లి ఘాట్ ఎక్కించాను. భద్రాచలం వెళ్లొచ్చాను. సత్యవతి నా భార్య. వెనక దిండుకి ఆనుకుని హాయిగా నిద్రపోయేది. ఆ బండి దారిలో ఎక్కడా ఆగి ఎరగదు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక నా సంగతి. నేను తాగేవాణ్ణి. మాకు యానాం దగ్గర. ముమ్మిడివరం దాటి ఎదుర్లంక దగ్గర వంతెన ఎక్కితే అవతల ఒడ్డు యానామే. అది పుదుచ్చేరి కిందది కాబట్టి మందు చవక. కాకినాడలో పనుందని ఇంట్లో చెప్పి వెళ్లేవాణ్ణి. దొరికిపోయినప్పుడల్లా మా అమ్మాయి చిన్ని నెత్తిన చెయ్యి పెట్టి ఇక ముట్టనని ఒట్టేసేవాణ్ణి. వారం తిరక్కుండా తప్పేవాణ్ణి.

ఒక సాయంత్రం చిన్నిని ట్యూషన్ నుంచి తీసుకొస్తున్నాను. తాగి ఉన్నాను. కాలవ గట్టు మలుపులో బండి పడింది. రోడ్డు పొడిగానే ఉంది, బ్రేకులు బాగానే ఉన్నాయి. తప్పు పూర్తిగా నాది. చిన్ని మోచెయ్యి గీరుకుపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి బట్టలు దులుపుకుని ఇంటికి నడిచింది. నేను బండి తోసుకుంటూ వెనకాలే నడిచాను. ఆ మర్నాటి నుంచి అది బస్సులోనే కాలేజీకి వెళ్లింది. నా వెనక ఎక్కలేదు. వానలో గొడుగు పట్టుకుని బస్టాపులో నిలబడి ఉన్నప్పుడు పక్కనే బండి ఆపినా, "నువ్వెళ్లు నాన్నా" అనేది. కోపంగా అన్నా బాగుండేది.

పడిన ఆ సాయంత్రమే, అలవాటు కొద్దీ, దాని నెత్తి మీద చెయ్యి పెట్టబోయాను. సత్యవతి నా మణికట్టు పట్టుకుంది.

"దానిమీద వద్దండి. మీరు ఒట్టేసినప్పుడల్లా నాకు నిద్రుండట్లేదు."

ఒట్టు తప్పితే ఎవరి మీద వేశామో వాళ్లకి కీడు జరుగుతుందని మా ఇళ్లలో ఆడవాళ్ల భయం. ఎన్నిసార్లు తప్పానో తనకి తెలుసు. అన్నాళ్లూ తను ఎలా పడుకుందో నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

"మరి దేనిమీద వెయ్యమంటావ్?"

"మీకు ప్రేమున్నదాని మీద." గుమ్మంలోంచి బయటికి చూసింది. వాకిట్లో బండి ఉంది.

నాకు లోపల నవ్వొచ్చింది, తేలిగ్గా బయటపడ్డాననిపించింది. ఇనుముకి కీడేమిటి? వెళ్లి ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి, యానాం మందు ముట్టనని చెప్పాను. ట్యాంకు ఇంకా వెచ్చగా ఉంది.

కొన్నాళ్లు ఆగాను. తర్వాత ఒక మధ్యాహ్నం కాకినాడ అబద్ధమే మళ్లీ చెప్పి బయల్దేరాను. ఎదుర్లంక వంతెన మొదట్లో ఇంజిను ఆగిపోయింది. దగ్గలేదు, గింజుకోలేదు. ఎవరో తాళం తిప్పినట్టు ఆగింది. పెట్రోలు సగానికి పైన ఉంది. స్టాండు పైకే ఉంది. హ్యాండిలు మీది స్విచ్చు ఆన్‌లోనే ఉంది. సెల్ఫ్ తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. విసుగొచ్చి బండిని ఇంటివైపు తిప్పి నొక్కాను. ఒక్క నొక్కుకి స్టార్టయింది. సంతోషంగా మళ్లీ యానాం వైపు తిప్పాను. ఆగిపోయింది.

షోరూంలో కంప్యూటరు తగిలించి చూశారు. లోపమేమీ లేదన్నారు. సీటు కింద వైరేదైనా బరువుకి లాగుతోందేమోనని అదీ విప్పి బిగించారు.

ఆ వారంలోనే సత్యవతికి కళ్లు చూపించడానికి కాకినాడ వెళ్లాం. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుందేమోనని వేగం తగ్గించాను. బండి మామూలుగా ఎక్కి, దిగి, యానాం బజారులో మందు షాపుల ముందు నుంచే పోయింది. తిరిగొచ్చేటప్పుడూ అంతే. అయితే బాగైపోయిందన్నమాట అనుకున్నాను. ఆ సంతోషం ఎందుకో నాకు తెలుసు. రాయడానికి సిగ్గుగా ఉంది.

ఈసారి మా స్నేహితుడు సుబ్బరాజుని వెనక ఎక్కించుకుని వెళ్లాను. వంతెన మొదట్లో, అదే చోట, ఆగింది.

"దిగరా. నీకు తోలడం రాదు" అన్నాడు సుబ్బరాజు.

దిగాను. వాడొక్కడే ఎక్కి నొక్కాడు. స్టార్టయింది. నేను వంతెన పిట్టగోడకి ఆనుకుని చూస్తుండగా బండి అవతలి ఒడ్డుకి వెళ్లిపోయింది. కాసేపటికి పక్క సంచిలో సీసాతో నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

"బండి బంగారం. నీ చెయ్యే మంచిది కాదు. ఎక్కు, తోటకి పోదాం."

వెనక ఎక్కాను. వాడు క్లచ్ వదిలే లోపలే ఆగిపోయింది. దిగాను, స్టార్టయింది. ఎక్కాను, ఆగింది. సుబ్బరాజు మొహంలో నవ్వు పోయింది. నా వంక చూడలేదు, బండినే చూస్తున్నాడు.

"దీని దగ్గరేమైనా వాగావా?"

ఒట్టు సంగతి చెప్పాను. వాడు మెల్లగా దిగి, సంచిలోంచి సీసా తీసి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"నేను ఆటోలో పోతాను. నువ్వూ నీ బండీ ఏదో మాట్లాడుకోండి."

సుబ్బరాజు వెళ్లిన ఆటో కనుమరుగయ్యాక నొక్కాను. స్టార్టయింది. ఇంటిదాకా తీసుకొచ్చింది.

ఆ మర్నాడు ఆదివారం భోజనాల దగ్గర అంతా చెప్పేశాను. అబద్ధాలతో సహా. సత్యవతి ఆశ్చర్యపోలేదు, తిట్టలేదు. "దానికైనా సిగ్గుంది" అని మజ్జిగ వడ్డించింది.

చిన్ని ఇంటర్ రెండో సంవత్సరం, లెక్కల పిల్ల. "సీటు కింద వైరే నాన్నా. నీ బరువుకి కాంటాక్టు పోతోంది" అంది.

"కాకినాడ వెళ్లినప్పుడు మీ అమ్మ కూడా ఉందిగా. అప్పుడెందుకు పోలేదు?"

"నా బరువు సంగతి ఇప్పుడెందుకండీ" అంది సత్యవతి.

చిన్ని చెయ్యి కడుక్కుని, గోడకున్న హెల్మెట్ తీసింది. "చూస్తేగానీ నమ్మను. పద."

బండిని వాకిట్లోంచి బయటికి తీశాను. అది వెనక ఎక్కింది. నన్ను పట్టుకోలేదు, వెనకున్న కడ్డీ పట్టుకుంది. ముమ్మిడివరం దాటాం. అద్దంలో హెల్మెట్ తప్ప మొహం కనబడటం లేదు. ఎదుర్లంక వచ్చింది. వంతెన మొదలు దాటింది. బండి ఆగలేదు.

కింద గోదావరి నిండుగా ఉంది. సగం దూరం వెళ్లాక చిన్ని ముందుకి వంగి, గాలిలో వినబడేలా అడిగింది.

"ఇప్పుడు తాగాలని ఉందా?"

లేదనడం నాకు చాలా తేలిక. జీవితమంతా చేసిన పనే. నోటిదాకా వచ్చింది కూడా.

"ఉంది" అన్నాను.

అని, ఇంజిను ఆగిపోతుందని ఎదురుచూశాను. ఆగితే పక్కకి తీయాలని ఎడమ అంచుకి కూడా వచ్చాను. ఆగలేదు. అదే నిదానం, అదే చప్పుడు. యానాం ఒడ్డు దగ్గర పడుతోంది.

"తిప్పెయ్ నాన్నా" అంది చిన్ని, వంతెన దిగగానే. తిప్పాను. మళ్లీ వంతెన మధ్యకి వచ్చేసరికి, "రేపు కాలేజీకి ఎనిమిదింటికే బయల్దేరాలి, ల్యాబ్ ఉంది. నువ్వు స్నానానికి గంట చేస్తావు" అంది.

రోజూ ఏడున్నరకల్లా తయారై కూర్చుంటున్నాను. తాగాలనిపించడం పోయిందని చెప్పను. ముట్టలేదని మాత్రం చెప్పగలను.

నాకు తెలియకుండా నా వేలే స్విచ్చు నొక్కిందేమో అని ఆలోచించాను. కానీ వెనక కూర్చున్నప్పుడు నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి, సుబ్బరాజుని అడగండి. నా అబద్ధాలకి ఆ బండి ఎందుకు ఆగిందో నాకు తెలియదు. తాగాలని ఉందని నిజం చెప్పినప్పుడు ఎందుకు ఆగలేదో అంతకన్నా తెలియదు.