ఇంటికి రాని కంపైలర్

మా కంప్యూటర్ సార్ పోయారని మొన్న ఉదయం గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆయన ఒకప్పుడు పనిచేసిన కాలేజీ వాళ్లు పాత విద్యార్థుల గ్రూపులో సంతాపం పెట్టారు. తమ సంస్థకు తీరని లోటట. చదివి ఒళ్లు మండిపోయింది. ఆయన్ను పొమ్మన్నది వాళ్లే.

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. డిగ్రీలో చేరేదాకా కంప్యూటర్ ముట్టుకోలేదు. మనం రాసిన ప్రోగ్రాంను మెషీన్‌కు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్ అని సారే చెప్పారు. ఊరికే దొరికేవి ఉన్నాయి, కొనుక్కునేవీ ఉన్నాయి అంటే, కొన్నదే మంచిది కదా సార్ అని అడిగాను.

"మీ ఇంట్ల మగ్గం కొత్తగ నేర్చేటోళ్లకు పట్టు ఇస్తరా?" అన్నారు.

నూలే ఇస్తారన్నాను.

"గంతే. తెగినా పరేషాన్ ఉండదు. కొన్నది చెడ్డదని అంటలేను. నౌకరీల చేరినంక వాళ్లే ఇస్తరు. నేర్చుకునేటప్పుడు మాత్రం నీతోని ఇంటికొచ్చేది గావాలె."

అన్నట్టే పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని తిరిగేవారు. ఎవరింట్లో పాత కంప్యూటర్ ఉందన్నా వెళ్లి ఉచిత కంపైలర్ ఎక్కించి, వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చేవారు. స్క్రీన్ మీద ఎర్రర్ కనబడితే మమ్మల్ని కీబోర్డు ముట్టనిచ్చేవారు కాదు. ముందు పైకి చదవాలి. "అది తిట్టు కాదమ్మా, జవాబు. జర నిమ్మళంగ చదువు" అనేవారు. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ చదువు పెట్టిందే.

తర్వాత కాలేజీ వాళ్లు ఖరీదైన కంపైలర్ కొన్నారు. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులను తీసుకొచ్చి మరీ చూపించేవారు. అది ల్యాబులోని కంప్యూటర్లలో తప్ప ఇంకెక్కడా నడవదు. దూరాన గట్టు మండలం నుంచి బస్సులో వచ్చే అమ్మాయిలు ఇంటికి పోయి ఏం సాధన చేయాలి? సార్ అదే అడిగారు. అడిగి ఊరుకోకుండా పిల్లలకు ఉచితంగా దొరికేదే ఇస్తూ పోయారు. కాలేజీ పరువు తీస్తున్నాడని మరుసటి ఏడు రావద్దన్నారు. ఆయన ఒక్క మాట అనకుండా వనపర్తిలో ఓ చిన్న సెంటర్‌లో పాఠాలు చెప్పుకున్నారు. సార్ వాళ్లను క్షమించి ఉంటారు. నా వల్ల కాదు.

నిన్న అదే ల్యాబులో సంతాప సభ పెట్టారు. బల్ల మీద పూలదండతో సార్ ఫొటో. ల్యాబుకు సార్ పేరు పెడుతున్నామని ప్రిన్సిపాల్ ప్రకటిస్తే చప్పట్లు కొట్టారు. నన్ను మాట్లాడమన్నారు. ఈ పిల్లలకు ఇంటి దగ్గర నేర్చుకోవడానికి ఇప్పుడైనా ఏమైనా ఇస్తున్నారా అని అడిగాను.

"ఇది సంతాప సభమ్మా. గవన్నీ ఇప్పుడెందుకు?" అన్నారు ప్రిన్సిపాల్.

సార్‌కు సంతాపమంటే అదేనని చెప్పి కూర్చున్నాను. బస్సు వేళయిందని గట్టు అమ్మాయిలు సంచులు భుజాన వేసుకుని లేచారు. మేమంతా బయటికి వచ్చాక అటెండర్ లైట్లు ఆర్పి, సార్ ఫొటో లోపల ఉండగానే తాళం వేశాడు.