చెంబులో ఒక్క పరక

తాండూరులో బండలు కోసిన తెల్ల బురదను ఏళ్ల తరబడి వాగులోకి వదిలి, వేలెడంత పరక చేపలను లేకుండా చేశారు. ఇదేమిటని అడిగిన అధికారి ఒక్కడు లేడు. పరక తన గుడ్లను నీళ్లలోని గడ్డికి అంటిస్తుంది. దాని మీద బండపొడి పేరుకుంటే గుడ్లు ఊపిరాడక చస్తాయి. ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను.

పంతొమ్మిది వందల ఎనభైలలో, వికారాబాదు పోయే ప్యాసింజరులో, నా ఎదుట తాండూరులో ఎక్కిన ఒక ముసలమ్మ ఇత్తడి చెంబు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. నీళ్లలో ఒకే ఒక్క పరక.

"కూరకు సాలదవ్వా!" అన్నాడు పక్కనున్నాయన.

"నీ పండ్ల సందుకు గూడ సాలదు, ఊకో," అంది.

ఎక్కడికని అడిగాను.

"ధారూరుకు, కొడుకా. మా వాగుల గిదొక్కటే మిగిలింది. ఆడ ఒక బావిల గీ జాతివి ఉన్నయంటున్నరు. జత గలుపుదమని."

"అక్కడా లేకపోతే?"

అవ్వ నీళ్లు తొణకకుండా చెంబు మీద చెయ్యి అడ్డం పెట్టింది. ధారూరులో దిగాక, బండి కదులుతుంటే నా కిటికీ వైపు తిరిగింది.

"లేకపోతే మా ఇంటికే తీస్కపోత, కొడుకా. నీళ్ల గోలెంల ఏస్త. ఇద్దరం ఉంటం."