వేరు మందుకి పథ్యం

కూర్చో అమ్మలూ. ఆ ఫోన్ పక్కన పెట్టి, సరిగ్గా విని, నేను చెప్పింది చెప్పినట్టు టైప్ చెయ్యి. మధ్యలో నవ్వకు.

మన శాన్ రామన్‌లో ఎదురింటి అబ్బాయి సంగతి ఇది. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడుతూ మోకాలు పాడుచేసుకున్నాడు కదా. ఆపరేషన్ తర్వాత ఇచ్చిన మాత్రలు, నొప్పి పోయాక కూడా వాణ్ణి వదల్లేదు. ఉద్యోగం పోయింది. రీహాబ్‌కి వెళ్లొచ్చాడు, మళ్లీ మొదలు. చివరికి మెక్సికోలో వేరు మందు ఒకటి ఉందని తెలిసింది. ఆఫ్రికా అడవుల్లో పెరిగే ఏదో పొద, దాని వేరు బెరడు నుంచి తీస్తారట. అది పడితే మెలకువగా ఉండగానే కలలు వస్తాయట. లేచాక మాత్రల మీద యావ తగ్గుతుందట, కొందరికి. ఈ దేశంలో దానికి అనుమతి లేదు. వాళ్లమ్మ గుడిలో అందరికీ ఫ్రెండ్ పెళ్లికి వెళ్తున్నాడని చెప్పి, నాకు మాత్రం నిజం చెప్పింది.

ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం వాడు గోంగూర పచ్చడి ఇవ్వడానికి మనింటికి వచ్చాడు. నాకేమో ఆ వేరు గురించి తెలుసుకోవాలని ఒకటే ఆత్రం. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను.

"నూరి ఇస్తారా, కషాయమా?"

"క్యాప్సూల్, నానమ్మా." వాడూ నన్ను నీలాగే పిలుస్తాడు.

"అంతేనా. మరి పథ్యం ఏంటి?"

"పథ్యం అంటే?"

"మందు వేసుకునేటప్పుడు ఏవేవి మానెయ్యాలి అని. వేరు మందంటే పథ్యం లేకుండా ఉండదు. వంకాయ పనికిరాదా?"

నవ్వాడు. "వంకాయ ఓకే. నా పిల్స్ ఆపాలి. అవి బాడీలో ఉండగా ఇది తీసుకుంటే హార్ట్ ఆగిపోవచ్చు."

"ఆపేశావు కదా?"

వాడు గ్లాసు అంచుని బొటనవేలితో తుడుస్తూ కూర్చున్నాడు.

"మార్నింగ్ ఒకటి వేసుకున్నా. మెక్సికో క్లినిక్ వాళ్లకి ఆపేశానని చెప్పా. ట్రూత్ చెప్తే రావద్దంటారు. డాడ్ మళ్లీ ఒప్పుకోరు నానమ్మా. అమ్మ ఎంత బెగ్ చేసిందో."

"పరీక్షల్లో తెలియదా?" అన్నాను. తిట్టడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"టెస్టులు చేస్తారు. బట్ అన్నీ కనిపించవు. మనం చెప్పాలి."

"అయితే ఈ సంగతి తెలిసింది నీకూ నాకే. వెంట వచ్చి చెబుదామంటే నాకు పాస్‌పోర్టు రెన్యూ కాలేదు. ఇక్కణ్ణుంచే వాళ్లకి ఫోన్ చెయ్యి."

చేశాడు. అవతల ఎవరో ఆవిడ, కోప్పడలేదు. ఇప్పుడు బయల్దేరవద్దు, మీ ఊళ్లో డాక్టర్ దగ్గర ఆ మాత్రలు మెల్లగా తగ్గించుకో, గుండె పరీక్ష చేయించుకుని అప్పుడు రా అంది. వాడు రోడ్డు దాటి వెళ్లి వాళ్ల నాన్నకి చెప్పాడు. ఆయన చాలా రోజులు వాడితో మాట్లాడలేదు. వాడు మాత్రలు తగ్గించుకుని, తీరా మెక్సికో వెళ్లే సమయం వచ్చాక, తనే సెలవు పెట్టి వెంట వెళ్లాడు.

తిరిగొచ్చాక అందరూ "తగ్గిందా?" అని అడిగారు. నేను "ఏం కనిపించిందిరా?" అని అడిగాను.

"నేనే. కిచెన్‌లో అమ్మకి అబద్ధం చెప్తున్నా. ఇంకో నేను ఫ్రిజ్ పక్కన నిల్చుని చూస్తున్నా. ఆపమంటే వాడు వినట్లేదు."

"భయమేసిందా?"

"వామిటింగ్స్‌తోనే సరిపోయింది. భయం తర్వాత."

పూర్తిగా తగ్గిందో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాడు. మొన్న మళ్లీ మాత్ర మీదకి మనసు పోయిందట. వేసుకోకముందే వాళ్లమ్మకి ఆఫీస్‌కి ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ మీటింగ్ వదిలేసి వచ్చింది.

"అత్తయ్యా, చారు చల్లారిపోతోంది. రండి, తిన్నాక చెబుదురుగాని."

అదిగో, మీ అమ్మ పిలుస్తోంది. వస్తున్నానమ్మా. ఇదొక్కటి రాయి అమ్మలూ. ఆవిడ వచ్చి, ఏడవలేదు, అరవలేదు, మెట్ల మీద వాడి పక్కన కూర్చుని, చెప్పులైనా విప్పకుండా వాడి చెయ్యి పట్టుకుంది.