జ్యూరిక్ నుంచి మిలన్‌కు చుట్టుదారిన

2009 మార్చి నెల. గోదావరిఖని బస్టాండు దగ్గర ఒక మెడికల్ షాపు పైన, ఒకే గదిలో నా ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రైలు రిజర్వేషన్ల కోసమే. తర్వాత దుబాయి, మస్కట్ టికెట్లు. బొగ్గుబాయిలో, అంటే బొగ్గు గనిలో, రిటైరైనవాళ్ళు కాశీ, షిర్డీ యాత్రలు అడిగేవాళ్ళు. యూరప్ అడిగినవాళ్ళు అప్పటికి ముగ్గురే. ముగ్గురూ బొగ్గు కంపెనీలో పెద్ద ఆఫీసర్లు.

అందుకే ఓదేలు నా ముందు కూర్చుని, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, తెలుగులో రాసుకొచ్చిన రెండు ఊళ్ళ పేర్లు కూడబలుక్కుని చదివినప్పుడు నాకు నమ్మకం కలగలేదు.

"జ్యూరిక్. మిలన్. ఈ రెండిటి నడుమ భూమ్మీద పోవాలె మేడం, విమానం వద్దు. నేను, నా ఇంటామె. కొండలు చూసుకుంట నిమ్మలంగ పోవాలె."

ఓదేలుకు అరవై దాటాయి. ముప్పై ఏళ్ళు బాయిలో టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు, ఇనుప స్తంభాలు నిలబెట్టేవాడిని టింబర్‌మన్ అంటారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, బిగించి పట్టుకున్న రెక్సిన్ సంచి. ఆ సంచిలో రెండు కొత్త పాస్‌పోర్టులు.

ఆ దారి సులువైనదే. జ్యూరిక్ నుంచి మిలన్‌కు నేరుగా రైలుంది, సుమారు నాలుగు గంటల ప్రయాణం. అదే చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గా పెద్ద బండి వద్దు. ఇంకో దారి ఉండాలె. చుట్టు తిరిగినా మంచిదే."

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు నేను ఆ రోజే డైరీలో రాసుకున్నాను. ఎందుకు రాశానో ముందు చెప్పాలి. అంతకు రెండేళ్ళ క్రితం నేను విజిట్ వీసా మీద దుబాయి పంపినతను తిరిగి రాలేదు. పోలీసులు నా ఆఫీసుకు వచ్చారు, నన్ను స్టేషన్‌కు పిలిపించారు. ఆ తర్వాత నుంచి తేడాగా అనిపించిన ప్రతి కస్టమర్ మాటా రాసిపెట్టుకోవడం అలవాటైంది. ఆ ప్రశ్నలు ఇవీ: బండి ఎక్కడెక్కడ మెల్లగా పోతుంది? నడుమ చిన్న స్టేషన్లలో దిగొచ్చా? బార్డర్ దగ్గర పెట్టె తలుపులకు తాళం వేస్తారా? తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందా?

కొండలు చూడ్డానికి పోయే మనిషికి తలుపు సంగతి ఎందుకు?

"మిలన్‌లో ఎవరున్నారు కాకా?" అన్నాను.

"ఎవ్వలు లేరు."

"మరి అక్కడికే ఎందుకు?"

"బండి ఆడిదాక పోతది కాబట్టి," అన్నాడు, నా వైపు చూడకుండా.

వీసా కోసం ఇటినరీ కావాలి. ఏ రోజు ఎక్కడుంటారు, దేంట్లో ప్రయాణం చేస్తారు అని రోజువారీగా రాసిచ్చే కాగితం అది. దారి పెద్దగా కనపడేలా మ్యాపు ప్రింటు తీసి ఇమ్మని ఓదేలు అడిగాడు. ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత తిరిగి తెచ్చాడు. రైలు గీత మీద అక్కడక్కడా పెన్సిల్‌తో నల్లగా దిద్ది ఉంది.

"ఈ నల్లటి జాగలల్ల బండి ఎక్కొద్దు. గివి తప్పించి రాయున్రి."

ఆ మచ్చలు బార్డర్‌కు ఇటూ అటూ ఎక్కువగా ఉన్నాయి. ఎందుకని అడిగితే "గట్లనే" అన్నాడు. అప్లికేషన్ మీద భార్య సంతకం కావాలి, ఆమెను తీసుకురమ్మన్నాను. ఆమెకు తీరిక లేదన్నాడు. ఇంకోసారి జ్వరమన్నాడు. మూడోసారి సంతకం పెట్టించుకొచ్చానని ఫారం నా ముందు పెట్టాడు. మల్లక్క అన్న ఆ సంతకంలో 'ల్ల' వంపు, ఓదేలు సంతకంలోని 'లు' వంపు ఒక్కలాగే ఉన్నాయి.

హైదరాబాద్‌లో యూరప్ వీసాలు చేసే స్నేహితురాలికి ఫోన్ చేశాను. అంతా విని, "ఆ ఫైలు ముట్టుకోకు," అంది. "చిన్న స్టేషన్‌లో దిగి మాయమయ్యేవాళ్ళు ఇలాగే అడుగుతారు. పాస్‌పోర్టులో ఉన్నది అసలు భార్యేనో కాదో కూడా నీకు తెలియదు."

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. మర్నాడు ఓదేలు రాగానే చెప్పేశాను. "చిన్నమ్మ స్వయంగా వచ్చి నా ముందు సంతకం పెడితేనే ఫైలు కదులుతుంది కాకా. లేకపోతే మీ కాగితాలు మీరు తీసుకుపోండి."

ఆయన గొడవ పడలేదు. కాగితాలన్నీ ఒక్కొక్కటే సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. గొడవ పడకపోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది.

రెండు రోజుల తర్వాత ఆఫీసు తెరుస్తుండగానే ఒకామె మెట్లెక్కి వచ్చింది. యాభై ఐదేళ్ళుంటాయి. నూలు చీర, నుదుట పెద్ద బొట్టు. చేతిలో ఓదేలు పెన్సిల్‌తో దిద్దిన మ్యాపు. పాస్‌పోర్టు ఫొటోలోని మనిషే, సందేహం లేదు.

"టికెట్లమ్మే ఆమెవు నువ్వేనా?" అంది, కూర్చోకుండా. "మా ఆయినకు ఏం చెప్పి మాయ చేసినవ్?"

నేను నోరు తెరిచేలోపు తనే అందుకుంది. "నేపాల్ పోదామని నాకు పాస్‌పోర్టు తీయించిండు. నేపాల్‌కు పాస్‌పోర్టు అక్కెరలేదని పక్కింటామె చెప్పింది. గప్పటిసంది చూస్తున్న. పొద్దుగాల్నే సంచి పట్టుకొని పోతడు, యాడికంటే చెప్పడు. ఇంట్ల కూసోని ఈ కాగితం మీద గీతలు గీస్తడు. నిన్న సంచి ఎతికితే నీ షాపు పేరున్న కవర్ దొరికింది. రిటైరైనోళ్ళను పట్టుకొని ముంచుతున్నవా?"

అన్నాళ్ళూ నేను ఆయన్ను అనుమానిస్తున్నాను. ఈమె నన్ను అనుమానించి వచ్చింది. కోపం వచ్చింది కానీ నవ్వూ వచ్చింది. కుర్చీ చూపించి, జరిగిందంతా మొదటి నుంచి చెప్పాను. స్విట్జర్లాండ్ అన్న మాట వినగానే ఆమె కూర్చుంది.

"మంచు కొండలల్ల ఎర్ర బండి పోతదే... గదా?"

"మీకెలా తెలుసు?"

"టీవీల చూసిన. ఎండకాలం, కరెంటు లేక లేక అప్పుడే వచ్చింది. గా మంచు చూసి, ఒక్కసారి గాడ కూసుంటే పానం సల్లవడ్తది అన్న. ఉత్తగనే అన్న బిడ్డా. గది పట్టుకున్నడా ఈ మనిషి!"

ఆమె మ్యాపు బల్ల మీద పరిచి, "మరి ఈ నల్లగీతలేంది?" అంది.

నేను లైటు కిందికి జరిపి చూశాను. పెన్సిల్‌తో దిద్దిన ప్రతిచోటా కింద అసలు రైలు గీత చుక్కలు చుక్కలుగా ఉంది. ప్రింటు సరిగా పడలేదేమో అని అంతకుముందు నేను అనుకున్న చుక్కలే అవి. మ్యాపు మూలన గుర్తుల అర్థాలు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అన్నేళ్ళ నుంచి ఆ పనిలో ఉండి, వాటిని ఆ రోజే మొదటిసారి చదివాను. చుక్కల గీత అంటే సొరంగం. బాయి ప్లాన్లు చూసిన మనిషికి అది ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇవి కొండ లోపలి సొరంగాలు చిన్నమ్మా. బండి చీకట్లో పోయే చోట్లు."

మల్లక్క మ్యాపు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. చాలా ఏళ్ళ క్రితం బాయిలో కప్పు కూలింది. ఓదేలు, ఇంకొకతను అవతల చిక్కుకున్నారు. ఒక పగలూ ఒక రాత్రీ గడిచాక ఓదేలును బయటికి తీశారు. రెండో మనిషి బతకలేదు. నెల తిరక్కుండా ఓదేలు మళ్ళీ డ్యూటీ ఎక్కాడు.

"గప్పటిసంది తానం చేసేటప్పుడు తలుపు పెట్టుకోడు. దవాఖానల లిఫ్టు ఎక్కడు, నాలుగంతస్తులు నడుస్తడు. నన్నడిగితే మోకాళ్ళకు మంచిదంటడు. నాకు తెల్వదా? తెలిసిందంటే బాయికి పంపొద్దు. పంపకుంటే పిల్లలెట్ల? గందుకే తెల్వనట్టే ఉన్న. ఇప్పుడు కూడ తెల్వనట్టే ఉంట. నువ్వు దారి రాయి బిడ్డా."

కొత్త ఫారం ఇస్తే నా ముందు సంతకం పెట్టింది. ఓదేలు తెచ్చిన ఫారం మీది సంతకానికీ దీనికీ ఏ మాత్రం పోలిక లేదు.

వారం రోజులు కూర్చుని ఆ దారి కట్టాను. జ్యూరిక్ నుంచి కూర్ అనే ఊరి దాకా రైలు. అక్కడి నుంచి సెయింట్ మోరిట్జ్‌కు వెళ్ళే రైలు పెద్ద సొరంగంలోంచి పోతుంది, కాబట్టి కనుమ మీదుగా పోయే పసుపు రంగు బస్సు. సెయింట్ మోరిట్జ్ స్టేషన్ దాటగానే ఇంకో సొరంగం ఉంది, అందుకని పక్క ఊరు పోంట్రెసీనాలో ఎర్ర రైలు ఎక్కాలి. అది మంచు కొండను తొలుచుకుని పోదు, పైకెక్కి దిగుతుంది. బార్డర్ దాటి తిరానో. ఆ తర్వాత కోమో సరస్సు ఒడ్డున రైలుకు మళ్ళీ సొరంగాలే. అక్కడ బండి దిగి పడవ. పడవ దిగాక మిలన్‌కు లోకల్ రైలు. నాలుగు గంటల దారి మూడు రోజులైంది. తప్పించలేని చిన్నవి కొన్ని మిగిలాయి. ఒక్కోటి ఎంతసేపుంటుందో కూడా రాసిపెట్టాను.

నేను కబురు చేస్తే ఓదేలు పాస్‌పోర్టులతో తిరిగి వచ్చి, ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ నల్లటి జాగలు సొరంగాలని నాకు తెలిసినట్టు నేను చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఫైలు పంపిన పది రోజులకు వీసా ఆఫీసు నుంచి ఫోన్. అదృష్టవశాత్తూ ఇద్దరూ నా ఆఫీసులోనే ఉన్నారు. స్పీకర్ పెట్టమన్నారు. అవతల తెలుగు మాట్లాడే గొంతు.

"మీరు మాట్లాడకండమ్మా. ఆయన్నే చెప్పనివ్వండి. నేరుగా రైలుండగా మూడు రోజులు బస్సులు, పడవలు మారుతూ బార్డర్ దాటడం ఎందుకు?"

నా స్నేహితురాలికి వచ్చిన అనుమానమే వాళ్ళకూ వచ్చింది. ఓదేలు నా వైపు చూశాడు, తర్వాత భార్య వైపు. కుర్చీలో కాస్త పక్కకు తిరిగి, గోడకు చెబుతున్నట్టు మాట్లాడాడు.

"సార్, నేను బాయిల పని చేసిన. ఒకసారి కప్పు కూలి లోపట పడ్డ. నా పక్కకున్నాయిన నాతోని మాట్లాడుకుంట మాట్లాడుకుంటనే పోయిండు. గప్పటిసంది మూసిన జాగల ఉండలేను. సొరంగం అంటే నాకు భయం సార్. గంతే."

అవతల ఇంగ్లీషులో ఏదో చిన్నగా మాట్లాడుకున్నారు. "సరే," అంది ఆ గొంతు. "పడవ టికెట్ల వివరం కూడా పంపండి."

ఫోన్ పెట్టేశాక ఓదేలు సంచి ఒళ్ళోకి తీసుకుని బిగించి పట్టుకున్నాడు. మల్లక్క ఆ సంచి వైపే చూస్తూ, "నాకు తెలుసు," అంది.

"ఎప్పటిసంది?"

"మొదటిసంది."

"మరి చెప్పకపోతివి."

"నువ్వు చెప్పినవా?"

నేను చాయ్ తెస్తానని చెప్పి కిందికి దిగిపోయాను.

వీసాలు వచ్చాయి. జూన్ మొదటి వారంలో బయల్దేరారు. కథ అక్కడితో సుఖంగా ముగిసిందని చెప్పగలిగితే బాగుండేది. కానీ తిరిగి రావాల్సిన రోజు దాటింది, ఫోన్ లేదు. మూడో రోజు ఇంటికి వెళ్ళి చూశాను. తాళం. గోడకు చెప్పిన ఆ మాటలు, రెండో మనిషి చావు, అన్నీ నాటకమేనా? నా ఎదురుగా భార్యాభర్తలిద్దరూ అంత బాగా ఆడారా? ఆఫీసుకు వచ్చి డైరీ తీసి, పోలీసులు వస్తే ఏం చెప్పాలో కూడా రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ చింపలేదు, సిగ్గు పడడానికి ఉంచుకున్నాను.

ఐదో రోజు ఇద్దరూ వచ్చారు. హైదరాబాద్‌లో దిగి నేరుగా మందమర్రిలో మల్లక్క చెల్లెలింటికి వెళ్ళారట, మంచు ముచ్చట్లు చెప్పడానికి. ఆమె ముక్కు ఇంకా కమిలి ఉంది. గుప్పెట్లో మంచు పట్టుకుంటే వేళ్ళు కొరికినట్టైందని నవ్వింది.

"పడవ సరిగ్గా దొరికిందా?" అన్నాను.

"దొరకలే," అన్నాడు ఓదేలు. "గాలి లేసి పడవలు ఆపిండ్రు. సరస్సు పొంటి రైలే ఎక్కినం."

నేను అడగకముందే ఆయనే చెప్పాడు. మొదటి సొరంగంలో కళ్ళు మూసుకున్నాడు. రెండోదాంట్లో మల్లక్క ఆయన గడ్డం పట్టుకుని పైకెత్తి, "నీ పనే గదా, కప్పెట్ల కట్టిండ్రో చూసి చెప్పు," అందట. చూశాడు. ఆ తర్వాత ప్రతిదాంట్లో చూశాడు.

"రాయితోని ఆర్చి కట్టిండ్రు బిడ్డా. తెలిసినోళ్ళ పని. ఒక్కకాడ నీళ్ళు కారుతున్నయ్, గది చూసుకోవాలె వాళ్ళు." ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదలు. "భయం పోలేదు. గానీ, పని చూసుకుంట కూసున్న."

అనుమానం నా పనిలో భాగం. దాన్ని నేను వదులుకోలేదు. సంతకాలు ఇప్పటికీ పోల్చి చూస్తాను, ఎవరూ లేని ఊరికి ఎందుకు పోతున్నారో అడుగుతాను. కానీ ఆ ఏడాది తర్వాత ఇటినరీ రాసే ముందు ఇంకో ప్రశ్న చేర్చాను: దారిలో మీకు కష్టమయ్యేది ఏమన్నా ఉందా? చాలామంది లేదంటారు. ఏ కొందరో మాత్రం వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంటారు.