నీలమ్మ పొయ్యి

అడవిలో కోసుకొచ్చిన చీపురుపుల్లల మోపు లాక్కోబోయిన ఫారెస్టు గార్డు ఎదురుగానే ఆ మోపు మీద కూర్చుని, పొద్దు వాలేదాకా లేవని మనిషి ఆరిక నీలమ్మ. చివరికి మోపుతోనే ఇంటికెళ్లింది. ఇప్పుడు పాతపట్నం అవతల కొండల్లో, చెరువు చూడ్డానికి వచ్చేవాళ్లకు గట్టు మీద వండిపెడుతోంది.

మొన్న ఏప్రిల్లో విజయనగరం నుంచి మేం నలుగురం వెళ్లాం. కొండ చెరువు చూడాలి, అక్కడి జాతాపు గిరిజనుల పద్ధతులు తెలుసుకోవాలి అంటూ అందర్నీ బయల్దేరదీసింది నేనే. గట్టు మీద చెట్టు నిండా మామిడికాయలు. ఒక్కటీ ఎవరూ కోసినట్టు లేదు. నాలుగు కోసి, పప్పులో వెయ్యమని నీలమ్మకిచ్చాను.

ఆవిడ పొయ్యి మీది కుండ దించేసింది.

"ఎవులు కొయ్యమన్నారు బాబూ? ఊరంతా కలిసి కొత్తల పండగ సేసి, కొండదేవతకి పెట్టీదాకా పసిపిల్లలు కూడా ఈ కాయ ముట్టరు."

"తెలీక కోసేశాను. మా మటుకు వండు. మేం మీ ఊరివాళ్లం కాదు కదా!"

"మీరు కాపోతే, నా పొయ్యి ఈ ఊరిది కాదేటి?"

నాకూ ఒళ్లు మండింది. "ఇంత దూరం వచ్చింది మీ పద్ధతులు చూద్దామనే!"

"అయితే సూడండి. సెట్టు నిండా కాయలున్నా ఊరు ఊరంతా నోరు కట్టుకుని కూకున్నాది. ఇదే మా పద్దతి."

చింతచిగురు పప్పుతో అన్నం పెట్టింది. తర్వాత వెళ్లి ఆ మామిడిచెట్టు మొదట్లో కూర్చుంది. మేం జీపెక్కేదాకా లేవలేదు.