స్తోత్రమ్మ బాగాలేనన్న ఆదివారం

మా వదినకు లాండ్రీలో అందరూ పెట్టిన పేరు స్తోత్రమ్మ. బట్టలుతికే యంత్రం ఆగిపోయినా స్తోత్రమే, మళ్ళీ తిరిగినా స్తోత్రమే. ఎలా ఉన్నావని ఎవరడిగినా "దేవుని కృపవల్ల బాగున్నాను, స్తోత్రం" అనేది. ఆ మాట నోటికి ఎంత అలవాటైపోయిందంటే, ఓసారి ఇస్త్రీ రోలరు తగిలి చెయ్యి బొబ్బలెక్కినప్పుడు కూడా సూపర్‌వైజరుకు అదే జవాబు చెప్పింది. ఆయన నమ్మి చక్కా వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మాది ఆసుపత్రి లాండ్రీ. ఆరిన దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని, గట్టిగా దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. నేనూ వదినా జంట. అంటే రోజంతా ఆవిడ మొహం నా మొహానికి జానెడు దూరం దాకా వచ్చి పోతుంటుంది. ఆ మొహం పీక్కుపోతున్న సంగతి పాస్టరుగారికన్నా, కట్టుకున్న మా అన్నయ్యకన్నా ముందు నాకే తెలిసింది.

అన్నయ్య గోడలకు రంగులు వేసేవాడు. పనిలో ఉండగా పై అంతస్తు నుంచి పడ్డాడు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. అప్పటినుంచి వదిన తెల్లారకముందే లేచి, అతన్ని పక్కకు తిప్పి, వీపు మీద పుండ్లు కడిగి మందు రాసి, పక్క మార్చి, తడిసిన దుప్పట్లు ఉతికి ఆరేసి, వంట చేసిపెట్టి పనికొస్తుంది. ఇక్కడ మళ్ళీ దుప్పట్లే. సాయంత్రాలు నేను వెళ్ళి ఓ చెయ్యి వేస్తాను గానీ, పొద్దున పూట నా ఇల్లు సర్దుకునేసరికే నా తల ప్రాణం తోకకొస్తుంది.

ఓ రోజు కొసలు కలపడానికి దగ్గరకొచ్చినప్పుడు వదిన నెమ్మదిగా అంది, "నాకు ప్రార్థన రావట్లేదే."

"నిద్ర చాలక అలా ఉంటుందిలే."

"కాదు. మోకాళ్ళ మీద కూర్చుంటే లోపల ఏమీ ఉండట్లేదు. ఏదో ఒక పొద్దున నేనిక లేవనేమో అనిపిస్తోంది. లేవకపోతే బాగుండునని కూడా అనిపిస్తోంది."

నా చేతిలోంచి దుప్పటి జారి కింద పడింది. "పిచ్చి మాటలు మాట్లాడకు వదినా" అన్నాను. మనిషి ఎదురుగానే ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది, అయినా జారిపోతోందని తెలుస్తూనే ఉంది.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘపెద్ద ఓ దర్జీ. ఎవరూ లేవకపోతే ఆయనకు వెంటనే గుర్తొచ్చేది మా వదినే. "మన స్తోత్రమ్మ దేవుడు చేసిన మేలులు చెబుతుంది" అని పిలిచాడు. వదిన లేచి, ముందున్న కుర్చీని పట్టుకుంది.

"నేను బాగాలేను" అంది.

"స్తోత్రం" అంది సంఘమంతా ఒక్క గొంతుతో.

ఆవిడ మాట ఎవరూ వినలేదు. ఆవిడ ఏం చెబుతుందో అందరికీ ముందే తెలుసు కదా, ఇంక వినడమెందుకు? వదిన కూర్చోలేదు. మళ్ళీ చెప్పింది, "బాగాలేనండీ. అలసిపోయాను. దేవుడున్నాడో లేడో కూడా తెలియట్లేదు." ఈసారి వెనక వరసలోంచి ఓ ముసలాయన ఒక్కడే "హల్లెలూయ" అన్నాడు, ఆయనకు చెవుడు. ఎవరూ నవ్వలేదు. దర్జీ గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు.

బయటికొచ్చాక ఇద్దరు ఆరిందాలు వదినను పట్టుకున్నారు. విశ్వాసం సన్నగిల్లిందట, మూడు రోజులు ఉపవాసముంటే సర్దుకుంటుందట.

"నిలబడి రెండు ముద్దలు మింగడమే ఆవిడకు గగనమండీ, ఇంకా ఉపవాసం కూడానా?" అన్నాను. నా నోటికి భయపడి తప్పుకున్నారు. వదిన మాత్రం వాళ్ళకు వందనాలు చెప్పి ఇంటిదారి పట్టింది. అదే నన్ను బెదరగొట్టింది.

మర్నాడు పొయ్యి కూడా వెలిగించకుండా, తెల్లవారుతుండగానే వాళ్ళింటికి పరిగెత్తాను. తలుపు తీసే ఉంది. వదిన మంచం పక్కన నేలమీద, తడిగుడ్డ చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది. బేసిన్‌లో నీళ్ళు చల్లారిపోయాయి. అన్నయ్య గోడవైపు తిరిగి ఉన్నాడు, వీపు సగమే కడిగి ఉంది.

"లేవలేకపోతున్నానే" అంది వదిన. "నిజంగా లేవలేకపోతున్నాను."

గుడ్డ లాక్కున్నాను. "పడుకో. వీపు నేను కడుగుతాను. ప్రార్థన కూడా నేనే చేస్తాను."

వదిన అక్కడే నేలమీద ఒరిగిపోయింది. నేను గొప్పలకు పోయి "ప్రభువా" అని మొదలుపెట్టానే గానీ, రెండోమాట తట్టలేదు. గుడ్డ తడిపి వీపు కడగసాగాను.

అప్పుడు గోడవైపునుంచి అన్నయ్య గొంతు వినిపించింది. పడినప్పటినుంచి అతను ప్రార్థన చేసింది లేదు, ఎవరైనా చేస్తుంటే విన్నదీ లేదు.

"ప్రభువా, నామీద నీకెంత కోపముందో నాకు తెలీదు. నీమీద నాకు చాలా ఉంది. అది మనిద్దరం తర్వాత తేల్చుకుందాం. ఇది అలసిపోయింది. నాకు చాకిరీ చేసే అలసిపోయింది. ఇవాళ్టికి దీన్ని లేపు. రేపటికి అడగట్లేదు. ఇవాళ్టికి బలమియ్యి, చాలు."

నేను వీపు కడుగుతూనే ఉన్నాను. వదిన కళ్ళు తెరవలేదు, కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. కాసేపటికి నిజంగానే నిద్రపోయింది. గురక కూడా పెట్టింది.

ఎండ గదిలోకి వచ్చాక తనంతట తానే లేచి కూర్చుంది. పుండ్లు అలాగే ఉన్నాయి, అన్నయ్య కాళ్ళు కదల్లేదు, ఆవిడ మొహంలో కొత్త కళేమీ రాలేదు. జుట్టు ముడేసుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

"మరి రేపు?" అంది.

"రేపు పొద్దున మళ్ళీ అడుగుతాను" అన్నాడు అన్నయ్య. "నేనెక్కడికి పోతాను, మంచం మీదేగా ఉంటాను."

వదిన గుమ్మం పట్టుకుని భోరున ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, నాతోపాటు పనికొచ్చింది.