శీనన్న కంటే ఒక కిలో ఎక్కువ

కోరుట్లలో డంబెల్స్ కొందామని వెళ్తే, దుకాణంలోని ఇనుము, నూనె వాసనకు సిరిసిల్లలో మా నాన్న బట్ట నేసే సాంచాల గది గుర్తొచ్చింది.

నాకప్పుడు పదేళ్లు. పెద్దనాన్న దుబాయి నుంచి కొడుకు శీనన్నకు డంబెల్స్ తెచ్చాడు. ఒక్కోదాని మీద ఐదు కిలోలని రాసుంది. శీనన్న వాటిని ఎత్తేది తక్కువ, వాకిట్లో కూర్చుని తుడిచేది ఎక్కువ. నన్ను మాత్రం ముట్టనివ్వలేదు.

"నువ్వు పోయి చెంబు లేపు పో" అన్నాడు.

రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. మూడో రోజు మా సాంచా వెనక ఊరికే వేలాడుతున్న ఇనుప బరువులు కనిపించాయి. ఊరికే అని నేననుకున్నాను. రెండు విప్పుకుని మేడెక్కి కండలు పెంచసాగాను. కింద పోగులు వదులై బట్ట పాడైంది.

నాన్న పైకొచ్చాడు. "గవి పోగులను బిగపట్టే బరువులురా! ఏం జేస్తున్నవ్ గీడ?"

"శీనన్న లెక్క కండలు, నాయినా."

నాన్న నా జబ్బ పట్టుకుని కాసేపు వెతికాడు. "ఏడున్నయ్?"

కొట్టినా బాగుండేది.

శీనన్నకిప్పుడు పొట్ట వచ్చింది. పోటీ ముగిసిందనే అనుకున్నాను.

"కొత్తగా మొదలువెట్టేటోళ్లకు రెండు కిలోలు సాలు సార్" అన్నాడు దుకాణదారు.

ఆరు కిలోలవి ఇమ్మన్నాను. స్కూటర్ దాకా ఆయనే మోసుకొచ్చాడు.